పేరడిగే దర్వాజలు

హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు వెతుక్కునే మన పిల్లలకు ఈ మధ్య ఒక అలవాటు అబ్బింది. బ్రోకరుకు ఫోన్ చేయగానే జీతం, అడ్వాన్సు, మెట్రో ఎంత దూరం, నల్లా నీళ్లు వస్తాయా లాంటివేవీ అడక్కముందే పేరు చెప్పేస్తున్నారు. "భాయ్, మేం ముస్లింలం. ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి." ఆటో కిరాయి మిగుల్తుంది, ఆదివారం మిగుల్తుంది. అచ్చంపేటలో మా ఖాందాన్‌కు దగ్గరి పిల్ల ఒకామె, నగరంలో నర్సు, ఈ చిట్కా నాకు నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అవమానాన్ని ముందే లెక్కలో వేసుకుని టైం మిగుల్చుకోవడం నేర్చిన తరం ఇది.

ఆమెకు కావలసింది పెద్దదేం కాదు. ఒక బెడ్రూం, ఒక హాలు, చిన్న బావర్చీఖానా. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోవాలి కాబట్టి గోల లేని గల్లీ. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మీని తెచ్చి పెట్టుకోవాలి. అంతే. ఆస్పత్రి దగ్గరి కాలనీలో చూసింది. "ఓనరుగారు వెజిటేరియన్లకే ఇస్తారమ్మా" అన్నారు. మేం గోష్త్ వండం అన్నా ఒప్పుకోలేదు. సరే, మనవాళ్ల మొహల్లాలోనే చూద్దామని వచ్చింది. ఇక్కడ గోష్త్ సవాల్ లేదు, పేరు సవాల్ లేదు. ఇంకో సవాల్ వచ్చింది: "ఇంట్లో మర్ద్ ఎవరూ లేరా? రాత్రిళ్లు బయటికి వెళ్తావా?" ఆ తలుపూ మూసుకుంది.

రెండు దర్వాజలు. ఒకటి పరాయివాళ్లది, రెండోది మనది. మొదటిదాని గురించి మనం చాలా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ వ్యాసం రెండింటి గురించీ.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. న్యూయార్క్‌లో ఉన్న మన పాలమూరు కుర్రాడొకడు క్వీన్స్ ప్రాంతంలో ఒక బెడ్రూం అపార్ట్‌మెంట్ కొనే ప్రయత్నంలో ఉన్నాడు. "ప్రీ-వార్ కో-ఆప్, చాచా" అని ఫోటోలు పంపాడు. ప్రీ-వార్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టింది. మన దగ్గర పెద్దలు "పోలీస్ యాక్షన్‌కు ముందు కట్టిన ఇల్లు" అన్నట్టే. అట్లా అన్నప్పుడు అందులో తారీఖు కంటే భరోసా ఎక్కువ ఉంటుంది. మందం గోడలు, ఎత్తు కప్పు, చెక్క పలకల నేల, గుమ్మం దాటగానే చెప్పులు విడిచే చిన్న దాలాన్. పక్కింట్లో బిడ్డ ఏడ్చినా వినపడదట. ఇప్పటి మన అపార్ట్‌మెంట్లలో పక్కింటి మిక్సీ మన వంటింట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది కదా, అందుకని ఆ మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివాను.

కో-ఆప్ అన్నది మాత్రం మనకు కొత్త. అక్కడ మీరు ఇల్లు కొనరు. ఆ భవనం మొత్తానికి మాలిక్ ఒక కంపెనీ. ఆ కంపెనీలో మీరు షేర్లు కొంటారు. ఆ షేర్ల మీద మీకు ఫలానా నంబరు ఇంట్లో ఉండే హక్కు, ఒక రకం శాశ్వత కిరాయినామా, వస్తుంది. నెలనెలా మెయింటెనెన్స్ కడతారు. భవనం మీద పన్ను, చలికాలం వేడి, పనివాళ్ల జీతాలు, భవనం మీద అప్పుంటే దాని కిస్తు అన్నీ అందులోంచే. ఇంత వరకు బాగుంది. అసలు చిక్కు ఇక్కడ: షేర్లు అమ్మేవాడు ఒప్పుకుంటే చాలదు, ఆ భవనం బోర్డు ఒప్పుకోవాలి. మీ జీతం కాగితాలు, పన్ను కాగితాలు, బ్యాంకు ఖాతాలు, నలుగురు రాసిచ్చిన సిఫారసు ఉత్తరాలు, అన్నీ ఒక కట్టగా వాళ్ల ముందు పెట్టాలి. తర్వాత ఇంటర్వ్యూ. వాళ్లు వద్దంటే వద్దే. ఎందుకు వద్దో చెప్పాల్సిన పని లేదు. 1979లో మన్‌హట్టన్‌లో మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కే ఇట్లాంటి ఒక భవనం వాళ్లు ఇల్లివ్వలేదు.

మన కుర్రాడు వెతుకుతున్న మొహల్లా జాక్సన్ హైట్స్. ఇవాళ అక్కడ 74వ వీధిలో నడిస్తే చీరల దుకాణాలు, నగల దుకాణాలు, హలాల్ గోష్త్ దుకాణాలు, పక్కపక్కనే బంగ్లాదేశీ హోటళ్లు. కానీ ఆ ఊరు పుట్టింది దేనికోసమో తెలుసా? 1910ల్లో క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ, ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే ఆయన నాయకత్వంలో, పొలాలు కొని అక్కడ తోటల అపార్ట్‌మెంట్లు కట్టింది. భవనాల మధ్యలో పెద్ద సహన్ లాంటి తోట, చుట్టూ ఇళ్లు. తర్వాత వాటినే కోఆపరేటివ్‌గా అమ్మింది. యూదులకు, నల్లవాళ్లకు అమ్మకుండా జాగ్రత్త పడింది. "ప్రశాంతమైన మొహల్లా" అన్న మాటకు అప్పుడు వాళ్ల డిక్షనరీలో అర్థం అది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మనవాళ్లు, ఇతర దేశాలవాళ్లు వచ్చారు. ఎవరిని దూరంగా పెట్టడానికి గోడలంత మందంగా నియమాలు రాసుకున్నారో, వాళ్ల లాంటివాళ్లే ఇప్పుడు ఆ గోడల మధ్య ఉన్నారు.

అయితే గోడలు వాటంతట అవి తెరుచుకోలేదు. అక్కడ 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. ఇల్లు అమ్మడంలో, కిరాయికివ్వడంలో జాతి, రంగు, మతం, దేశం చూస్తే అది చట్టవిరుద్ధం, నష్టపరిహారం కిందికి వచ్చే పని. బోర్డు కారణం చెప్పకుండా కాదనొచ్చు గానీ, ఆ చెప్పని కారణం మతమని తేలితే అదాలత్‌లో నిలబడాలి. తేల్చడం కష్టమే, కారణం చెప్పకపోవడమే వాళ్ల ఢాలు. అయినా మన కుర్రాడి చేతిలో ఒక కానూన్ ఉంది. మన నర్సు పిల్ల చేతిలో అది లేదు.

ఇక మన దేశానికి వద్దాం. కో-ఆప్ కొత్త అన్నాను గానీ, కొత్తది మనకే, దేశానికి కాదు. ముంబైలో గామ్‌దేవి అనే నిమ్మళమైన మొహల్లాలో సారస్వత్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ 1915లో రిజిస్టరైంది. దేశంలో మొదటి హౌసింగ్ సొసైటీగా దాన్నే చెప్తారు. రెండో యుద్ధానికి కాదు, మొదటి యుద్ధం నడుస్తుండగా పుట్టింది. వెనక ఉన్న మనిషి శ్రీపాద్ సుబ్బారావు తాల్మకీ అనే వకీలు. దానికి తొమ్మిదేళ్ల ముందే, 1906లో, శామ్‌రావ్ విఠల్ పేరుతో ఒక సహకార పరపతి సంఘం పెట్టాడాయన. అదే ఇవాళ్టి బ్యాంకు. కెనరా తీరం నుంచి ఉద్యోగాలకు ముంబై వచ్చిన గుమాస్తాలు, టీచర్లు, చిన్న వకీళ్లు, వాళ్లకు కిరాయి ఇళ్ల తిప్పలు. ఎవరి బలమూ ఒక్కొక్కటిగా చాలదు. పది మంది షేర్లు కలిపితే భవనం లేస్తుంది. ఆ ఖయాల్ ఎంత సాదాగా ఉందో చూడండి. ఆ ఖయాల్ ముందు నేను తల వంచుతాను.

కానీ అది ఒక కులం వాళ్లు తమ కులం కోసం కట్టుకున్న ఇల్లు. ఆ కాలంలో ముంబైలో లేచిన సొసైటీల్లో చాలావాటికి ఇదే నమూనా అయింది: మా బిరాదరీ, మా భవనం. ఇక్కడ మన జిల్లావాళ్లకు ఒక మాట చెప్పాలి. అదే ముంబైలో కామాఠీపురా అనే పేట ఉంది. ఆ పేరు కామాఠీలది, అంటే నిజాం రాజ్యం తెలుగు ప్రాంతం నుంచి పోయి అక్కడ రాళ్లెత్తిన కూలీలది. నల్లమల కింద కరువు వచ్చిన ప్రతిసారీ పాలమూరు బిడ్డలు తట్టా పారా పట్టుకుని పోయారు, దేశమంతా డ్యాములు కట్టారు, మేడలు కట్టారు. అందులో తురకలూ ఉన్నారు, దూదేకులవాళ్లూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. ఇటుక ఎత్తేటప్పుడు పేరు అడిగినవాడు లేడు. ఫ్లాటు అడిగితేనే పేరు.

ఇప్పుడు ఫైసలా సంగతి. అహ్మదాబాద్‌లో పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటుంది, 1926లో రిజిస్టరైంది. సభ్యత్వం పార్సీలకే అని దాని నియమావళిలో రాసుకున్నారు. ఒక సభ్యుడు తన జాగాను బయటి బిల్డరుకు అమ్మాలనుకున్నాడు. సొసైటీ కాదంది. ముకద్దమా రిజిస్ట్రార్ నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు పోయింది. 2005 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సొసైటీ వైపే చెప్పింది. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు, ఎవరితో కలిసి సంఘం పెట్టుకోవాలో వాళ్ల ఇష్టం, మతం మీద వివక్ష కూడదన్న 15వ అధికరణం సర్కారును కట్టేస్తుంది గానీ ప్రైవేటు సంఘాన్ని కాదు. స్థూలంగా ఇదీ వాదన. చట్టం మారిస్తే శాసనసభ మార్చాలి, మేం మార్చలేం అని కూడా అన్నది అదాలత్. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

పార్సీలు చిన్న కౌమ్. వాళ్ల సంఖ్య తగ్గుతోంది, కలిసి బతకాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఫైసలా చిన్న కౌమ్ కోసం వచ్చినా నీడ మాత్రం పెద్ద కౌముల ఇళ్ల మీద పడింది. నూటికి రెండు వంతులు కూడా లేనివాడు తలుపు వేసుకుంటే అది వాడి ఇల్లు. నూటికి ఎనభై ఉన్నవాళ్లంతా అదే తలుపు వేసుకుంటే అది ఊరు.

దీన్ని ఇంకో ఫైసలా పక్కన పెట్టి చదివితేనే దీని తమాషా తెలుస్తుంది. మన ఫిఖ్‌లో హక్-ఎ-షుఫా అని ఉంది. మీ పెద్దలు వినే ఉంటారు, పాత దస్తావేజుల్లో కనిపిస్తుంది. ఇల్లో భూమో అమ్మేటప్పుడు వాటాదారుకు, దారీ నీళ్లూ కలిసి వాడుకునేవాడికి, హనఫీ మజ్హబ్‌లో ఆపైన పక్కింటివాడికి కూడా బయటివాడి కంటే ముందు కొనుక్కునే హక్కు. ఇంగ్లీషువాళ్ల కాలంలో కోర్టులు దీన్ని చాలాచోట్ల ముస్లింలకూ, రివాజు ఉన్నచోట హిందువులకూ వర్తింపజేశాయి. రాజ్యాంగం వచ్చాక ఏమైంది? 1954లోనే హైదరాబాద్ హైకోర్టు పక్కింటివాడి షుఫా చెల్లదంది. 1962లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ కూడా అదే చెప్పింది. వాటాదారు షుఫా ఉండొచ్చు, పక్కిల్లు అన్న ఒక్క కారణంతో షుఫా ఉండకూడదు. ఎందుకంటే దాని వెనక అసలు ఉద్దేశం పరాయి ఖాందాన్‌వాడు, పరాయి మతంవాడు ఆ ప్రాంతంలోకి రాకుండా చేయడం, అట్లా ఊరును కులాల, మతాల ముక్కలుగా ఉంచడం కొత్త రాజ్యాంగంలో ప్రజల మేలు అనిపించుకోదు.

నాకైతే 1962 ఫైసలా సబబే అనిపిస్తుంది. మన షరియత్ హక్కును కొట్టేసిందని దాని మీద నాకు కోపం లేదు. అడిగేది ఒక్కటే. మన పక్కింటి షుఫా పరాయివాణ్ని ఆపుతుంది కాబట్టి కూడదన్నారు, ఒప్పుకున్నాం. మరి సొసైటీ నియమావళి పరాయివాణ్ని ఆపితే అది సంఘ స్వేచ్ఛ ఎట్లా అయింది? వకీలు సాబ్‌లు జవాబు చెప్తారు: ఒకటి సర్కారు అమలు చేసే చట్టం, ఇంకోటి వాళ్లలో వాళ్లు రాసుకున్న ఖరారు. ఆ ఫరఖ్ కాగితం మీద ఉంటుంది. మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషికి ఉండదు. పైగా ఆ ఖరారును రిజిస్టర్ చేసేది ఎవరు? సర్కారు రిజిస్ట్రారే.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఇట్లాంటి నియమావళి కూడా ఉండదు. ఇక్కడ మనం కొనేది షేర్లు కాదు, ఫ్లాటు, దానితో పాటు భూమిలో విడదీయని వాటా. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఓనర్ల సంఘం ఉంటుంది. కాగితం మీద మతం ఎక్కడా కనిపించదు. అంతా నోటిమాట. "అసోసియేషన్‌వాళ్లు ఒప్పుకోరండీ" అంటాడు ఓనరు. అసోసియేషన్‌ను అడిగితే "మాదేముంది, ఓనరు ఇష్టం" అంటారు. మధ్యలో బ్రోకరు. ఎవరి మీద దావా వేస్తారు? 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లు ఉన్నాయి, సర్కారు కాకపోయినా అక్కడ వివక్ష కూడదని. ఇల్లు ఆ జాబితాలో లేదు. అమెరికా 1968 చట్టం లాంటిది మన పార్లమెంటు చేయలేదు.

ఇది ఒక్కరిద్దరి గోడు కాదు. 2006 సచార్ కమిటీ రిపోర్టులోనే ఇళ్లు దొరకడం లేదన్న మాట ఉంది. సుఖదేవ్ థోరాట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్ల ఓనర్లకు ఫోన్లు చేయించి చూశారు. అదే ఉద్యోగం, అదే అడుగు, పేరు మాత్రం వేరు. 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయిన వాళ్ల లెక్కలో పైకులం పేరుకు ఎవరూ కాదనలేదు. దళిత పేరుకు నూటికి 18 మంది, ముస్లిం పేరుకు నూటికి 31 మంది ఫోన్లోనే కాదన్నారు. ఫోన్లో! మొహం చూడకముందే, ముర్గీ ఉడకకముందే.

అందుకే మనవాళ్లు ఏం చేస్తున్నారు? ఒకచోట చేరుతున్నారు. దీన్ని నేను తప్పు పట్టను. 1990 డిసెంబరు హైదరాబాద్‌ను చూసినవాళ్లు రాత్రి నిద్ర పట్టే చోటు వెతుక్కుంటారు, దానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. నా అభ్యంతరం తర్వాతి అడుగు మీద. ఇప్పుడు మనవాళ్ల వెంచర్ల ఇష్తిహార్లు చూస్తున్నాం. మస్జిద్ దగ్గర, మద్రసా దగ్గర, "పూర్తి ఇస్లామీ మాహోల్", షరీఫ్ ఖాందాన్లకు మాత్రమే. మస్జిద్ దగ్గర ఇల్లు కోరుకోవడం మంచి కోరికే, అజాన్ వినపడే చోటు ఎవరికి వద్దు? కానీ ఆ "షరీఫ్" అన్న మాట ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని ఆపుతుంది? చెప్తాను. ఒంటరి ఆడదాన్ని ఆపుతుంది. తలాఖ్ అయిన పిల్లను ఆపుతుంది. దూదేకుల పేరు, తెలుగు యాస విని "వీళ్లు పక్కా మనవాళ్లేనా" అని చూపు మారుస్తుంది. ఇక దళితుల సంగతి ఎత్తనే ఎత్తదు.

అచ్చంపేట ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మన ఎమ్మెల్యే ఎప్పుడూ దళితుడే, మన వోట్లతో కూడా గెలుస్తాడు. రంగాపూర్ నిరంజన్ షావలీ ఉర్సుకు వచ్చే జనంలో ఎవరు ఏ కులమో ఎవరైనా అడుగుతారా? దర్గా దగ్గర అడగని మాట మన కిరాయి గది దగ్గర ఎందుకు అడుగుతున్నాం? మన గల్లీలో పై పోర్షన్ ఖాళీ ఉన్నప్పుడు దళిత టీచరు వచ్చి అడిగితే ఇచ్చిన ఇళ్లు ఉన్నాయి, నాకు తెలుసు. "ఎవరికో మాట ఇచ్చేశాం" అన్న ఇళ్లూ తెలుసు. ఆ మాట ఎంత పరిచయమైన మాటో! కాలనీ ఓనరు మన నర్సు పిల్లకు చెప్పింది కూడా చివరికి అదే కదా.

పడోసీ హక్కు గురించి మన దీన్‌లో ఎంత తాకీదు ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు, జుమా ఖుత్బాల్లో వింటూనే ఉన్నారు. ఒక రివాయత్ మాత్రం గుర్తు చేస్తాను. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ ఇంట్లో మేక కోస్తే, ఆయన ఇంటికి రాగానే అడిగింది పక్కింటి యూదుడికి పంపారా అని. పక్కింట్లో యూదుడు ఉన్నాడు. అంటే అక్కడ ఎవరో అతనికి ఇల్లిచ్చారు, ఎవరూ ఖాళీ చేయించలేదు. రివాయత్‌లోని గోష్త్ గురించి మాట్లాడతాం గానీ ఆ ఇంటి గురించి మాట్లాడం.

అమెరికా యూదుల సంగతే చూడండి. జాక్సన్ హైట్స్ తమను రానివ్వని కాలంలోనే, 1920ల చివర్లో, బట్టలు కుట్టే యూదు కార్మికులు న్యూయార్క్‌లోనే బ్రాంక్స్‌లో సొంతంగా కోఆపరేటివ్ భవనాలు కట్టుకున్నారు. వాటిలో అల్లర్టన్ అవెన్యూ దగ్గర ఒకటుంది, జనం దాన్ని "ది కూప్స్" అనేవాళ్లు. అందులో ఉన్నది ఎక్కువగా ఎర్రజెండా కార్మికులు. వాళ్లు నల్లవాళ్ల కుటుంబాలను వెతికి మరీ తమ భవనంలోకి తెచ్చుకున్నారు, నల్లవాళ్లకు ఎవరూ ఇల్లివ్వని రోజుల్లో. అప్పు తీర్చలేక 1943లో ఆ భవనాలు వాళ్ల చేతుల్లోంచి పోయాయి, అది వేరే దుఃఖం. కానీ తమ మీద వేసిన తలుపును ఇంకొకరి మీద వేయకూడదని అనుకున్నవాళ్లు ఉన్నారన్నది తారీఖ్‌లో ఉంది.

ఇక మన ఇళ్ల కొలతల సంగతి. మన ఇళ్లలో ఒక బెడ్రూం అనగానే ముఖం చిట్లిస్తారు. మెహమాన్లు వస్తే ఎక్కడ కూర్చోవాలి, పరదా ఎట్లా, రంజాన్‌లో ఇఫ్తార్‌కు పది మంది వస్తే? అచ్చంపేట పాత ఇళ్లలో సహన్ ఉండేది, దాలాన్ ఉండేది, షాబాద్ బండల మీద ఇరవై మందికి దస్తర్‌ఖాన్ పరిచేవాళ్లు. ఆ ఇళ్లు తర్కాలో ముక్కలయ్యాయి. ముగ్గురు అన్నదమ్ములు మూడు గదులు పంచుకున్నారు, అక్కచెల్లెళ్ల వాటా చాలాచోట్ల పంచనే లేదు. మాఫ్ చేసిందంటారు. అడిగితే గదా మాఫ్ చేసిందో లేదో తెలిసేది! ఆ అక్కచెల్లెలు బేవా అయినప్పుడు, ముసలిదైనప్పుడు, ఆమెకు కావలసింది మూడు బెడ్రూంల ఫ్లాటు కాదు. తన పేరు మీద ఒక గది, ఒక తాళంచెవి.

మన బిల్డర్లు ఆ ఇల్లు కట్టరు, లాభం తక్కువ. మన ఖాందాన్లు ఆ ఇల్లు కొనవు, ఇజ్జత్ తక్కువ. కాబట్టి దస్తగీర్ అనేవాడైనా వెంకటయ్య అనేవాడైనా నగరానికి కొత్తగా వచ్చినప్పుడు, జీతం చిన్నగా ఉన్నప్పుడు, మొదటి ఇల్లుగా దొరకాల్సిన ఒక బెడ్రూం ఇల్లు బజారులో దొరకదు. దొరికిందల్లా ప్లాటు. ఇటు కల్వకుర్తి దాటి, అటు షాద్‌నగర్ దాటి, ముళ్లకంపల్లో వంద గజాల ప్లాటు. మనవాళ్ల పైసలు పదేళ్లుగా అక్కడ ఎండుతున్నాయి. ఇంత జమీన్ పిచ్చి ఎందుకో నాకు సమఝ్ కాదు. ఆ ప్లాటు మీద రాత్రి పడుకోలేం, కిరాయీ రాదు.

సూద్ సవాల్ ఉంది, తప్పించుకోను. బ్యాంకు లోన్ తీసుకోకుండా నగరంలో ఫ్లాటు కొనడం జీతగాడికి ఎట్లా? చాలామంది చిట్టీలు, బంగారం, అల్లుడి దుబాయ్ పైసలు కలిపి ప్లాటు కొనేది కొంత ఇందుకే, ప్లాటు వాయిదాలకు దొరుకుతుంది కాబట్టి. న్యూయార్క్ కో-ఆప్‌లో కూడా ఈ ముడి ఉంది. మీరు లోన్ తీసుకోకపోయినా భవనం మీద కంపెనీకి లోన్ ఉంటే దాని సూద్ మీ మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. దాని హుకుం ఏమిటో ఆలింలు చెప్పాలి, నేను కాదు. కానీ ఒక సంగతి నాకు తెలుసు. హైదరాబాద్‌లో పుట్టిన పెద్ద ఆలిం డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) నిజాం కాలంలో ఇక్కడ నడిచిన సూద్ లేని ఖర్జ్ అంజుమన్ల గురించి రాశారు. ఉద్యోగులు నెలనెలా జమ చేసుకుని, వంతుల వారీగా సూద్ లేని అప్పు తీసుకునేవాళ్లు. అది పరాయి దేశం నమూనా కాదు, మన గల్లీల నమూనా. తాల్మకీ చేసింది, ఆ అంజుమన్లు చేసింది కలిపితే ఏమవుతుంది? పదిహేను ఖాందాన్లు, ఒక్కోటి నెలనెలా జమ, నగరంలో రెండు మూడు వందల గజాల జాగా, దాని మీద ఒక బెడ్రూం ఇళ్లు. ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాను. ప్లాటు మీద ముళ్లకంప ఎదగడానికి పట్టే కాలం కంటే ఎక్కువ మాత్రం పట్టదు.

సహకార సంఘం అనగానే పెద్దవాళ్లు భయపడతారు. హౌసింగ్ సొసైటీల పేరుతో ప్లాట్లు సభ్యులకు కాక పైరవీకార్లకు పోయిన కథలు హైదరాబాద్‌లో కొల్లలు. ఆ భయం సబబే. అందుకే చిన్నదిగా, ఒకరి మొహం ఒకరికి తెలిసేంత చిన్నదిగా ఉండాలి. లెక్కల రిజిస్టరు నెలనెలా మస్జిద్‌లో కాదు, అందరూ రాగలిగే చోట, ఆడవాళ్లు కూడా కూర్చోగలిగే చోట చదవాలి.

ఇప్పుడు 2005 ఫైసలాలోని ఆ చివరి మాట దగ్గరికి వస్తాను: మార్చాలంటే శాసనసభ మార్చాలి. సహకార సంఘాలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మన 1964 సహకార చట్టం, 1987 అపార్ట్‌మెంట్ల చట్టం రెండూ హైదరాబాద్ అసెంబ్లీ చేతిలో ఉన్నవి. ఒక్కో చట్టంలో ఒక్క సెక్షన్ చాలు. సభ్యత్వానికి, అమ్మకానికి, కిరాయికి మతం, కులం, తిండి, ఒంటరితనం అడ్డు పెట్టకూడదు. కాదంటే కారణం రాతలో ఇవ్వాలి. కారణం రాతలో ఇవ్వాలన్నది చిన్న మాటగా కనిపిస్తుంది గానీ, అన్నిటికంటే అదే ముఖ్యం. నోటితో సులభంగా అనే మాటను కాగితం మీద సంతకంతో రాయడానికి చేతులు ఆగుతాయి.

ఎన్నికలప్పుడు మన దగ్గరికి వచ్చేవాళ్లు షాదీఖానా ఇస్తాం, ఖబ్రస్తాన్‌కు కాంపౌండ్ వాల్ కట్టిస్తాం అంటారు. మనం కూడా అవే అడుగుతాం. పెళ్లికి ఒక హాలు, చావుకు ఒక గోడ. ఈ రెండింటి మధ్య బతికినన్నాళ్లు ఎక్కడుంటామో అడిగినవాళ్లు నాకు కనపడలేదు. అచ్చంపేట నుంచి ఇమ్లిబన్‌కు పొద్దున బస్సెక్కే పిల్లలు ఇంత మంది ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఈసారి ఈ సవాల్ వేయాలి. మన ఎమ్మెల్యేకు అర్థం కాదని అనుకోకండి. నగరంలో ఇల్లు వెతుక్కున్నప్పుడు ఆయన కులంవాళ్లు విన్న మాటలు, మనం విన్న మాటలు ఒక్కటే.

అడగడానికి పోయేటప్పుడు మాత్రం మన ఇంటి పై పోర్షన్ ఎవరికి కిరాయికిచ్చామో చూసుకుని పోదాం. ఆయన ఆ మాట అడగకపోవచ్చు. పక్కనున్నవాళ్లు అడుగుతారు.